డేరా బావ, మూడో వరసలో కుర్చీ

మా బావ కూర్చోగా చూసినవాళ్లు ఊళ్లో చాలా తక్కువ. భోజనం కూడా కంచం చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడే చేస్తాడు. పెళ్లి ఫోటోలో మా అక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఈయన వెనకాల నిలబడి ఎటో పక్కకి చూస్తుంటాడు. ఏం చూస్తున్నావు బావా అని ఒకసారి అడిగాను. బయట గాలి తిరిగిందట, అదీ సంగతి. పెళ్లినాడు గాలి సంగతి ఎవడికి కావాలండీ?

ఆయనది తెరచాపలు కుట్టే పని. వాళ్ల నాన్నదీ అదే. రేవు వెనక పొడుగాటి గదిలో నేల మీద గుడ్డ పరుచుకుని, అరచేతికి తోలు పట్టీ తొడుక్కుని, వేలంత సూదితో కుట్టేవారు. పడవలన్నిటికీ ఇంజన్లు వచ్చేసరికి ఆ గదికి పని లేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే ఊళ్లో పెద్దలకి వేసవిలో జాజ్, బ్లూస్ సంగీతోత్సవం పెట్టాలని బుద్ధి పుట్టింది. మొదటి ఏడాది ఎక్కడి నుంచో డేరా అద్దెకి తెచ్చి ఒడ్డున వేశారు. రెండో రోజుకల్లా అది సముద్రంలో ఉంది. మర్నాడు కమిటీ కమిటీ అంతా మా బావ గుమ్మంలో నిలబడింది.

మిగిలిపోయిన తెరచాప గుడ్డంతా కలిపి ఆయనే పక్క గోడలు లేని ఒక డేరా కుట్టాడు. చుట్టూ ఇరవై ఆరు తాళ్లు, ఇరవై ఆరు ఇనప మేకులు. అది ఇరవై రెండేళ్లుగా నిలబడే ఉంది. ఆ లెక్కన ఊరందరికీ ఆయన డేరా బావ అయిపోయాడు. మా తాత ఈడు ముసలాయన కూడా బావా అనే పిలుస్తాడు.

అందులో ఉన్న పనేమిటో చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మా ఊళ్లో ఎండాకాలం సాయంత్రాలు సముద్రం మీంచి పొగమంచు వస్తుంది. నార తాడు తేమ తాగితే బిగుసుకుంటుంది. బిగిసి బిగిసి మేకును నేలలోంచి పీకేస్తుంది. అందుకని మంచు రాగానే తాళ్లన్నిటినీ జానెడేసి వదులు చెయ్యాలి, ఆరాక మళ్లీ బిగించాలి. మా బావ ఉత్సవం జరిగే మూడు రోజులూ డేరా చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ప్రతి తాడునీ బొటనవేలితో నొక్కి చూస్తాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరిదాకా విన్న పాపాన పోలేదు. ఎంత పేరున్న వాద్యగాళ్లయినా ఆయనకు తాళ్ల ద్వారానే పరిచయం. "ఆ డ్రమ్స్ వాడా? తొమ్మిదో తాడు వణికించేశాడు" అంటాడు.

ఇక మా అక్క. పడవల రేవు ఆఫీసులో మైకు దగ్గర కూర్చుని ఏ పడవ ఎప్పుడు కదులుతుందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. "సంచులు కాళ్ల దగ్గర పెట్టుకోండి, గేటు మూస్తున్నాం" అందంటే ఊరు ఊరంతా సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుంటుంది. ఆ గొంతుతో చెప్పింది కాదన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు, మా బావని తప్ప. ఆయన వింటాడు, ఊఁ అంటాడు, బయటికి పోతాడు.

ఉత్సవంలో శనివారం సాయంత్రం అరగంట ఊళ్లోవాళ్లకి ఇస్తారు. ఈసారి ఆ అరగంట అక్కకి వచ్చింది. సెలూన్ ఆయన గిటారు, మందుల షాపాయన డ్రమ్స్. అక్క ఆర్నెల్లు సెలూన్ వెనక గదిలోనే సాధన చేసింది, ఇంట్లో ఒక్క ముక్క పాడలేదు. అందులో ఒక పాట తను సొంతంగా కట్టుకున్నది. నాకు మాత్రం వినిపించింది. బ్లూస్ గురించి నాకు తెలిసింది ఇంతే: ఒక మాట అంటారు, వినలేదేమోనని మళ్లీ అదే అంటారు, మూడోసారి అసలు సంగతి బయటపెడతారు. ఇంట్లో మా అక్క మాట్లాడే పద్ధతే అది. పాట అంతా మా బావ మీదే. విని నేను తల దించుకున్నాను, ఎందుకంటే అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఉత్సవానికి వారం ముందు అక్క ఆయన దారికి అడ్డంగా నిలబడింది. "మిమ్మల్ని ఇన్నేళ్లలో ఏదీ అడగలేదు. ఆ ఒక్క పాటకి మూడో వరసలో కూర్చోండి. అయ్యేదాకా లేవకండి" అంది. ఆయన సరే అన్నాడు. ఊఁ అనలేదు, సరే అన్నాడు. అక్క వంటింట్లోకి వచ్చి నాతో నెమ్మదిగా అంది, "ఈసారి కూడా మధ్యలో వెళ్లిపోయాడంటే నేనింక అడగనురా. దేనికీ అడగను." ఆ మాట అరిచి చెప్పి ఉంటే నాకు భయం ఉండేది కాదు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టే పూచీ మాత్రం నా నెత్తిన పడింది.

ఆ ఏడాది నార తాళ్లు పుచ్చిపోయాయని కమిటీవాళ్లు కొత్త నైలాన్ తాళ్లు కొన్నారు. తెల్లగా, నున్నగా ఉన్నాయి. మా బావ వాటిని చూసి మొహం చిట్లించుకున్నాడు గానీ కట్టాడు. గురువారం, శుక్రవారం మంచు రాలేదు, పొడి గాలి. నేను గేటు దగ్గర టికెట్లు చింపుతూ ఆకాశం వంక చూస్తూ రెండు రోజులు గడిపాను. నాకూ ఆయన జబ్బు పట్టుకుందనుకున్నాను.

శనివారం పొద్దున్నుంచీ మా బావ కాలు కాలిన పిల్లే. డేరా లోపలికి, బయటికి, రేవు దాకా, మళ్లీ వెనక్కి. ఆయన వెనక తిరగలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగున్నరకి సముద్రం మీద తెల్లగా మంచు లేవడం కనిపించింది. అక్క పాట అయిదింటికి. అప్పుడు ఆయన ఎన్నడూ చెయ్యని పని చేశాడు. మంచు వచ్చేదాకా ఆగకుండా ముందుగానే ఇరవై ఆరు తాళ్లూ జానెడేసి వదులు చేశాడు. "ఇంక లేవాల్సిన పని ఉండదురా" అన్నాడు. నాకు ఎంత గర్వమనిపించిందో! అక్క కోసం ఈ మనిషి ముందుచూపు చూశాడే అని. అవి నార తాళ్లు కావన్న సంగతి ఆయనకి తట్టలేదు, పక్కనే ఉన్న నాకూ తట్టలేదు. ఇరవై రెండేళ్లుగా చేతులు చేసే పనిని బుర్ర అడ్డుకోలేదు, అంతే.

కూర్చున్నాడు. మూడో వరసలో, చివరి కుర్చీలో. నేను పక్కన. సాయంత్రపు మొదటి కచేరీ కనక జనం పలచగా ఉన్నారు, నూట పాతిక మంది ఉంటారేమో. సగం మంది పడవల మీద పనిచేసేవాళ్లే. బావ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. రెండు మోకాళ్లూ ఆగకుండా ఆడుతున్నాయి. టైమెంత అని మూడుసార్లు అడిగాడు. అక్క రేవు ఆఫీసు నీలం కోటుతోనే స్టేజీ ఎక్కింది. మూడో వరస వంక చూసింది, చూసి నిటారుగా నిలబడింది.

ఇల్లిల్లూ తెలిసిన పాట ఒకటి పాడి, తన పాట ఎత్తుకుంది.

నా ఇంట నాలుగు కుర్చీలు, అవును, నా ఇంట నాలుగు కుర్చీలు,
మూడింట చుట్టాలు కూర్చుంటారు, నాలుగోది నా ఎదుటే ఖాళీ.

మా బావ మోకాళ్లు ఆగిపోయాయి. ఆయనకి అర్థమైంది.

అంతలో పైన గుడ్డ ఒక్కసారి ఫట్టుమంది. నాకది గాలి చప్పుడే. ఆయన తలెత్తి చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఒరేయ్, ఇది నైలాన్. తడిస్తే సాగుతుంది. నేను ఇంకా వదులు చేశాను" అన్నాడు. డేరా మొత్తం ఉబ్బి, దిగి, మళ్లీ ఉబ్బింది. నడిమి గుంజ నేల మీంచి బెత్తెడు లేచి దబ్బున పడింది. ఇంకోసారి లేస్తే అది ఎవరి మీద పడుతుందో తెలియదు. ఆయన లేవకుండా ఉండలేడు, లేస్తే అక్క ఇంకెప్పుడూ అడగదు. నేనాయన చొక్కా పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో డేరా పడిపోయినా ఫరవాలేదు, ఈయన లేవకూడదనుకున్నాను. సిగ్గుపడాల్సిన మాటే.

చొక్కా నా చేతిలోంచి జారిపోయింది. ఆయన సగం లేచాడు.

అక్క పాట ఆపేసింది. ఆ మొహం నేను చూడలేకపోయాను. కానీ ఆవిడ చూస్తున్నది మా బావని కాదు, పైన గుడ్డని. డేరా కుట్టినవాడితో అన్నేళ్లు కాపురం చేసిన మనిషి, ఆ చప్పుడు ఆవిడకి మాత్రం తెలియదా? మైకు దగ్గరికి లాక్కుని రేవు గొంతుతో చెప్పింది.

"అందరూ నెమ్మదిగా లేచి బయటికి నడవండి. తాడుకి నలుగురు చొప్పున పట్టుకుని వెనక్కి లాగి నిలబడండి. పిల్లలు ఒడ్డు మీదకి వెళ్లిపోండి."

ఒక్కరు గొణగలేదు. నూట పాతిక మందీ లేచి, రేవులో పడవ దిగినట్టు వరసగా బయటికి నడిచారు. నేనూ వెళ్లి పదకొండో తాడు పట్టుకున్నాను. పడవలవాళ్లు అరుచుకుంటూ ఒక్క ఊపున లాగారు. గుడ్డ బిగిసింది. గుంజ నేలకి ఆనింది.

మా బావ కూడా బయటికి అడుగు వేశాడు. మైకు మళ్లీ పలికింది.

"మీరు కాదు. మీరు కూర్చోండి."

"ముడులు బిగించాలే" అన్నాడు ఆయన, అంత దూరం నుంచి చేతులు చూపిస్తూ.

"పాట అయ్యాక బిగించండి. అందాకా వాళ్లు పట్టుకుంటారు."

ఆయన మా అందరి వంకా చూశాడు. ఒక్కొక్క తాడునీ, పట్టుకున్న ఒక్కొక్క చేతినీ చూశాడు. పదకొండో తాడు దగ్గర నన్ను చూసినప్పుడు నేను తల ఊపాను. వెనక్కి నడిచి మూడో వరసలో కూర్చున్నాడు. చుట్టూ అన్నీ ఖాళీ కుర్చీలే. సెలూన్ ఆయన గిటారు మళ్లీ అందుకున్నాడు.

గాలికి కాపలా కాస్తావు, రోజూ గాలికే కాపలా కాస్తావు,
గాలి ఎక్కడికీ పోదయ్యా, నేనే ముసలిదాన్నైపోతున్నాను.

గాలి మా చేతుల్ని కోసేస్తోంది. తాడు జారుతోంది, పట్టుకుంటున్నాం, మళ్లీ జారుతోంది. ఎప్పుడవుతుందా అని ఒక పక్క, అయిపోకూడదని ఇంకో పక్క. లోపల మా బావ మోకాళ్లు మళ్లీ ఆడుతున్నాయి, కానీ ఈసారి డ్రమ్స్‌తో కలిసి, తాళం తప్పకుండా. తడిసిన మొహం తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. పైకి ఒక్కసారి కూడా చూడలేదు.

పాట అయిపోయింది. చప్పట్లు లేవు. కొట్టాలని అందరికీ ఉంది గానీ, మా చేతులన్నీ తాళ్లకే ఉన్నాయి, వదిలితే డేరా పోతుంది. అక్క మైకు ముందు అలాగే నిలబడిపోయింది.

అప్పుడు ఖాళీ కుర్చీల మధ్య నుంచి మా బావ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. కూర్చునే కొట్టాడు. అక్క వచ్చి, ఇంక లేవండి అని భుజం మీద చెయ్యి వేసేదాకా కొడుతూనే ఉన్నాడు.