తాళం వేసిన డ్రమ్ములు

టైర్ల దుకాణం పై అంతస్తులోని ఆ రికార్డింగ్ గదిలో అతన్ని అందరూ ‘తాళం’ అనేవారు. లయ తప్పని చేతుల వల్ల వచ్చిన పేరది. రానురాను జనం అదే మాటను బీరువాకు వేసే తాళమన్న అర్థంలో వాడసాగారు. ఆ సంగతి తెలిసినా అతను తెలియనట్టే ఉండేవాడు.

ఒకప్పుడు అసలు సిసలు డ్రమ్ములు వాయించిన మనిషే. కంప్యూటరు వచ్చాక ఆ డ్రమ్ములు మూలకు చేరాయి. ఓనరు వాటి మీద తడిసిన గొడుగులు ఆరబెట్టడం మొదలుపెట్టాడు. ఏడ్చి లాభం లేదనుకుని తాళం చిన్న కీబోర్డు ముందు కూర్చుని కొత్త విద్య నేర్చుకున్నాడు. ఒక్కో మెట్టుకు ఒక్కో మోత తగిలించి ఉంటుంది. ఒకటి నొక్కితే కాలితో తన్నే పెద్ద డ్రమ్ము, ఇంకొకటి నొక్కితే పుల్లతో కొట్టే చిన్న డ్రమ్ము, అటుపక్కన ఇత్తడి పళ్ళేల్లాంటి సింబల్స్. ఏ మెట్టుకు ఏ మోత అన్న ఆ అమరికనే మ్యాపింగ్ అంటారు. ఒకచోట నేర్చుకున్నవాడు ఇంకోచోట వాయించుకోగలిగేలా చాలా చోట్ల అది ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది.

తాళం దగ్గర కూడా అలాగే ఉండేది, అతనికి జ్వరం వచ్చేదాకా.

జ్వరం తగ్గి పనిలోకి వచ్చేసరికి తన కుర్చీలో ఓనరు బావమరిది కూర్చుని ఉన్నాడు. మైకు తీగలు చుట్టి పెట్టడం, వచ్చినవాళ్ళకు టీ చెప్పడం అతని పని. అలాంటివాడు ఒక పాటకు డ్రమ్ములు వాయించేసి పంపించాడట.

“నువ్వు లేకపోయినా పని ఆగలేదులేవయ్యా, కంగారుపడకు. ఇంకో రెండ్రోజులు పడుకున్నా పర్లేదు,” అన్నాడు ఓనరు ప్రేమగా.

ఆ ప్రేమకు తాళం గుండె జారిపోయింది. ఆ సాయంత్రం అందరూ వెళ్ళేదాకా ఆగి, మోతలన్నిటినీ తారుమారు చేశాడు. పెద్ద డ్రమ్మును ఎక్కడో కొసన దాచాడు. దాని చోట చప్పట్లు పెట్టాడు. చిన్న డ్రమ్ము ఉండాల్సిన చోట గాజు పగిలే చప్పుడు, ఆ పక్కన పోలీసు విజిలు. కొత్త అమరిక తన వేళ్ళకు అలవాటయ్యేదాకా తలుపేసుకుని సాధన చేశాడు.

ఫలితం చూడటానికి ఎన్నాళ్ళో ఆగనక్కర్లేకపోయింది. తాళం బ్యాంకు దాకా వెళ్ళినప్పుడు ఎవరో పాడటానికొచ్చారు. బావమరిది ధైర్యం చేసి కూర్చున్నాడు. గాజు భళ్ళున పగిలింది, విజిలు మోగింది, ఎవరో చప్పట్లు కొట్టారు. పాడేవాడు బెదిరి మైకు వదిలేశాడు. బావమరిది రెండు చేతులూ పైకెత్తి కుర్చీలోంచి లేచిపోయాడు.

“అంత తేలిక వ్యవహారం కాదది. తాళం చెయ్యి పడాల్సిందే,” అని ఓనరు ఆ రోజే తేల్చేశాడు.

అప్పటినుంచి తాళానికి మహారాజయోగం పట్టింది. యోగమంటే ఏమిటి, సెలవు లేకపోవడం. పంటి నొప్పి వచ్చినా, ఒంట్లో నలతగా ఉన్నా ఇంటి ముందుకు ఓనరు కారు వచ్చి నిలబడేది. మరదలి పెళ్ళికి అక్షింతలు వేసే వేళకు అతను ఎవరి పాటకో గాజు చప్పుళ్ళు తప్పించి డ్రమ్ములు కొడుతున్నాడు. పెళ్ళి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ అతని మొహం లేదు.

భార్య కోర్టులో టైపిస్టు. ఆమె నిలదీస్తే అసలు విషయం చెప్పక తప్పలేదు. చెప్పేటప్పుడు కాస్త గొప్పగానే చెప్పాడు.

“టైపు మిషను మీద అక్షరాలు నా ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటే మా జడ్జిగారు శాలువా కప్పుతారా?” అందామె.

“నీది గుమాస్తా పనే. ఇది కళ. నీకర్థం కాదు.”

“కాదులెండి. మీ కళని చూసుకోడానికి మా చెల్లి ఫొటోలే చాలు.”

ఇలా ఉండగా పెద్ద స్టూడియో నుంచి కబురొచ్చింది. తాళం వాయించిన పాటేదో అక్కడి సంగీత దర్శకుడికి నచ్చిందట. ఎదుట కూర్చుని వాయిస్తే వింటానన్నాడు. తాళం ఓనరుతో పన్ను పీకించుకోవాలని చెప్పి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తన మ్యాపింగ్‌ని పెన్ డ్రైవులో వేసుకుని బయల్దేరాడు. తీరా వెళ్తే అక్కడి సాఫ్ట్‌వేరు వేరు. పెన్ డ్రైవు దాని కంటికి ఆనలేదు.

“ఫర్వాలేదు, చేతులున్నాయిగా,” అంటూ కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

వంటింటి అలమర మొత్తం నేలకూలినట్టయింది. కళ్ళు తెరిచి మళ్ళీ వాయించాడు. ఈసారి అలమరతో పాటు గోడ కూడా కూలింది.

“మీ కీబోర్డులో ఏదో తేడా ఉందమ్మా,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

కంప్యూటరు దగ్గరున్న ఇంజినీరమ్మాయి పాపం మర్యాదగానే చెప్పింది. “లేదు సార్, అన్నిచోట్లా ఉండేదే ఇది.”

దర్శకుడు మంచివాడు. “పోనీ నోటితో చెప్పండి, అమ్మాయి వాయిస్తుంది,” అన్నాడు. తాళం తొడ మీద దరువేస్తూ నోటితో చెప్పాడు, ఆ పిల్ల రెండు వేళ్ళతో వాయించింది. చాలా బాగా వచ్చింది. అందరూ మెచ్చుకుని, టీ ఇచ్చి, మెట్ల దాకా సాగనంపారు. మళ్ళీ పిలవలేదు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వీ నవ్వీ, అతని మొహం చూసి ఊరుకుంది. కాసేపటికి సుద్దముక్క తెచ్చి భోజనాల బల్ల మీద బారుగా కీబోర్డు మెట్లు గీసింది.

“ఎక్కడ ఏది ఉండాలో చెప్పండి. నేను టైపు పరీక్షకి ఇలాగే నేర్చుకున్నా.”

“ఈ వయసులోనా?”

“ఈ వయసులోనే కదా, సరిగ్గా ఉన్న అమరికని చెడగొట్టుకున్నది?”

కొన్ని వారాలపాటు వాళ్ళు వీధి అరుగు మీద పళ్ళేలు పెట్టుకుని తిన్నారు. వేళ్ళు ఒక పట్టాన మాట వినలేదు. చిన్న డ్రమ్ము అనుకుంటే చెయ్యి దానంతటదే చప్పట్ల వైపు పోయేది. చివరికి దారికొచ్చాయి. అప్పుడు తాళం గుండె రాయి చేసుకుని ఓనరు గదిలోని మ్యాపింగ్‌ని మొదట్లో ఉన్నట్టే సర్దేశాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని, ఇక బావమరిదీ వాయించగలడని చెప్పి, మరదలిని చూడ్డానికి వెళ్ళాలని ఓనరుని సెలవడిగాడు. ఓనరు వెంటనే సరేనన్నాడు. ఆ ‘సరే’ విని తాళం దారంతా కుమిలిపోయాడు.

తిరిగొచ్చిన రోజు బావమరిది మెట్ల దగ్గరే పట్టుకున్నాడు.

“నీకు నేనేం అన్యాయం చేశానన్నా? ఎందుకు సర్దేశావ్?”

తాళం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అంటే, నీకు తెలుసా?”

“తెలీకేం. గాజు పగిలిన చప్పుడు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. ఇక నన్నెవరూ ఆ కుర్చీలో కూర్చోబెట్టరని ఆ రోజు మా ఆవిడకి మిఠాయి కూడా కొనుక్కెళ్ళా. ఆ డ్రమ్ముల మోతకి నాకు తలనొప్పన్నా. అప్పుడు బావ బలవంతం మీద కూర్చున్నా. ఇప్పుడు మళ్ళీ నువ్వు లేనప్పుడల్లా నేనే కదా! దయచేసి మళ్ళీ తారుమారు చేసెయ్.”

ఇన్నాళ్ళూ తాళం కాపలా కాసింది దొంగతనమంటేనే పడని దొంగ కోసమన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియక అతని భుజం తట్టాడు. కానీ మ్యాపింగ్ మాత్రం మళ్ళీ మార్చలేదు.

ఇప్పుడు అతను నెలకోసారి సెలవు పెడతాడు. ఆ రోజు బావమరిది తలకు గుడ్డ కట్టుకుని, తిట్టుకుంటూ వాయిస్తాడు. మొన్న భార్యతో ఊరికి వెళ్తుంటే బస్సులో ఏదో పాట వచ్చింది.

“మీరు వాయించిందే కదూ! ఎంత బాగుందో,” అంది ఆమె.

అది బావమరిది వాయించింది.

“ఊఁ,” అని తాళం కిటికీలోంచి బయటికి చూశాడు.