సరిత స్వెట్టర్

నా కూతురి మోచేతి మడతల్లో ఇప్పనూనె రాస్తుంటే ఆ వాసనకి సరిత గుర్తొస్తుంది. గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు నేను ఇల్లందులో నాలుగో తరగతి. చలికాలం రాగానే నా మోచేతుల దగ్గర చర్మం ఎర్రబడి పగిలేది. ఒకరోజు సరిత క్లాసంతా వినేట్టు, "దీని పక్కన ఎవ్వరు కూసోకుండ్రి, గజ్జి అంటుకుంటది" అంది. మర్నాటి నుంచి నా పక్క ఖాళీ.

అంటుకుంటుందా? అయితే నీకే అంటిస్తా అనుకున్నాను. ఎండెక్కాక అది తన గులాబీరంగు ఊలు స్వెట్టర్ విప్పి కిటికీకి తగిలించేది. అందరూ ఆటకు వెళ్లగానే ఆ స్వెట్టర్ చేతుల్లో నా చేతులు దూర్చి, మంట పుట్టేదాకా రుద్దేదాన్ని. తర్వాత రోజూ సరిత మోచేతుల వంక ఆశగా చూసేదాన్ని. అవి నున్నగానే ఉండేవి. నావే రసి కారసాగాయి.

అమ్మ దవాఖానాకు తీసుకెళ్లింది.

"ఇది గజ్జి కాదు, ఎవ్వరికీ అంటుకోదు" అంది డాక్టరమ్మ. "స్నానం కాంగనే, తడి ఆరకముందే ఇప్పనూనె రాయాలె. ఊలు అసలే తగలనియ్యద్దు."

"మా ఇంట్ల ఊలు స్వెట్టరే లేదు డాక్టరమ్మా!" అంది అమ్మ.

నేను భోరుమన్నాను.

"ఏడ్వకు బిడ్డా, ఎవ్వరికీ అంటుకోదట" అంటూ అమ్మ నా కళ్లు తుడిచింది. నా ఏడుపు అందుకే.

ఇప్పుడు లోపల నూలు చొక్కా వేయనిదే నా కూతురికి స్వెట్టర్ తొడగను. డాక్టరమ్మ మాట అంతవరకు ఒంటబట్టింది. కక్షే వదల్లేదు. పెళ్లిళ్లలో సరిత కనిపిస్తే, పలకరించే ముందు నేను చూసేది దాని మోచేతులనే.