తోట అని గుర్తు పెట్టిన కొండ

శారోన్ రాజోలులో తమ డాబా మీది గదిలో కూర్చుని, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న కొండల్ని చూస్తుంది. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో అడవి ఎక్కడ చిక్కగా ఉంది, ఎక్కడ పలచబడింది, ఎక్కడ ఎవరైనా తోట వేశారు అని గుర్తులు పెట్టడం ఆమె ఉద్యోగం. ఏ వాలు జోలికి పోకూడదో, ఎక్కడ మొక్కలు నాటాలో అడవిని చూసుకునేవాళ్లు ఆ పటం చూసి నిర్ణయిస్తారు. ఈ ఆరేళ్ల ఉద్యోగంలో ఆమె ఆ కొండలు ఒక్కసారీ ఎక్కలేదు.

కొబ్బరి దింపు తీసే పాపారావు కూతురామె. తండ్రి చెట్టెక్కితే కింద కాయలు పోగేస్తూ పెరిగింది. పైనుంచి చూస్తే కొబ్బరి తల నక్షత్రంలా ఉంటుందని ఆయన చెబుతుండేవాడు. తెర మీద చూశాక నిజమేననిపించింది. ఆఫీసులో అలాంటి చెట్లున్న బొమ్మలన్నీ ఆమెకే పంపేవారు, కోనసీమ కన్ను అని.

మొన్న వేసవిలో ఒక వాలు మీద నలభై దాకా నక్షత్రాలు కనబడ్డాయి. వాళ్ల ఊళ్లో అలాంటి చెట్టు ఎవరో ఒకరు పాతితే తప్ప ఉండదు. ‘తోట’ అని గుర్తు పెట్టింది. వరసలు లేవేమిటన్న అనుమానం రాకపోలేదు. అప్పటికి ఇంకా అరవై బొమ్మలు మిగిలి ఉన్నాయి. తరువాతిది తెరిచింది.

కార్తికంలో ఆఫీసు తరఫున కొండ మీద తనిఖీకి వెళ్లిన అభిషేక్ ఫోన్ చేశాడు.

“మేడమ్‌గారూ, మీరు తోటన్న చోటికొచ్చేనండి. ఇయ్యి కొబ్బరి కాదండి, కల్లు గీసే జీలుగు చెట్లండి. ఎవరూ నాటలేదంట. పునుగుపిల్లి పళ్లు తిని గింజలు ఎక్కడ పడేస్తే అక్కడ మొలుస్తాయంటండి.”

“ఆయ్. మార్చేస్తానండి.”

“అప్పుడే పదకొండు చెట్లు కొట్టేసేరండి. అడవిలో తోటేసేరని, ఇయ్యి తీసేసి అడవి మొక్కలు నాటుదామని.”

శారోన్ ఆ వేసవి బొమ్మ మళ్లీ తెరిచింది.

పై అధికారి కృష్ణవేణి తేలిగ్గా తీసుకుంది. “నీ పేరెందుకమ్మా మధ్యలో? మబ్బు అడ్డొచ్చింది, బొమ్మ సరిగా రాలేదని రాసెయ్. ఉపగ్రహం దిగొచ్చి కాదంటుందా? మార్చిలో నీ కాంట్రాక్టు పొడిగించాలి, గుర్తుందిగా.”

ఆ పూట అన్నం కెలుకుతున్న కూతుర్ని పాపారావు గమనించాడు. “ఏమ్మా, సయించట్లేదా?”

జరిగింది చెప్పింది.

“వరసలు లేవని చూసేవా?”

“చూశాను నాన్నా.”

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. “మరి మబ్బు మీదకి తొయ్యకు.”

“బొమ్మ స్పష్టంగానే ఉంది. వరసలు లేవని చూసి కూడా తోట అని గుర్తించింది నేను. మిగిలిన చెట్లు అడవివే, కొట్టవద్దు” అని శారోన్ ఆఫీసుకు రాసి, కింద తన పేరు పెట్టి పంపింది. నరకడం ఆగింది. కృష్ణవేణి ఆ తరువాత ఫోన్ చేయడం మానేసింది. చేసిందంతా సరిపోయిందని శారోన్‌కి అనిపించలేదు. వారం తిరక్కుండా అభిషేక్‌ని వెంటబెట్టుకుని కొండెక్కింది.

కొట్టేసిన వాటిలో మూడు సత్తియ్య కల్లు గీసుకునే చెట్లు. డెబ్బై ఏళ్ల మనిషి, గోచీ మీద తువ్వాలు చుట్టుకుని వాలు మీద నిలబడి ఉన్నాడు. గుర్తు పెట్టింది తనేనని, తప్పు తనదేనని శారోన్ చెప్పింది. ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు.

“పైనుంచి అంతా కనపడతదంట గదమ్మా. నేను చెట్టు మీదున్నప్పుడు కనపడలేదా?”

“లేదండి.”

“మళ్లీ మొలిచి గీతకి రావాలంటే పదిహేనేళ్లు. అందాకా నేనుంటానా ఏంటి!” అని నవ్వాడు. ఎండలో చెమటలు పట్టిన ఆమెను చూసి, “కూకోమ్మా” అని పక్కనున్న మొద్దు చూపించాడు. దాని మీద గొడ్డలి గాట్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

అభిషేక్ కూర్చున్నాడు. తిరిగి కొండ దిగేదాకా శారోన్ నిలబడే ఉంది.