అక్క ఇంటి కంప్రెసర్

వీధిలో అతన్ని అందరూ గేజుల డాక్టరు అనేవాళ్ళు. ఆ పేరు అతనికి కాస్త తలకెక్కిందనే చెప్పాలి. ఏ ఇంటి ఏసీ మిషనుకైనా గ్యాసు ప్రెషరు కొలిచే గేజులు రెండు తగిలించి, ముళ్ళు చూసి, పెదవి విరిచాడంటే ఇక ఆ మాటకు తిరుగులేదు.

అక్క ఇంట్లో హీట్ పంపు బిగించింది కూడా అతనే. వేసవిలో చల్లగాలి, చలికాలంలో వేడిగాలి ఇచ్చే మిషను, ఇప్పుడు ముసలిదైపోయింది. ఆ చలికాలం గది వెచ్చబడటం మానేసింది. తమ్ముడు వచ్చి గేజులు తగిలించాడు. ప్రెషరు తక్కువ ఉండాల్సిన వైపు ఎక్కువుంది, ఎక్కువ ఉండాల్సిన వైపు తక్కువుంది.

"కంప్రెసర్ పోయిందే అక్కా. గ్యాసును నొక్కే సత్తువ లేదు దానికి. దీని సామాను కూడా ఇప్పుడు దొరకదు."

"ఇంకోసారి చూడరా. చప్పుడు ఎప్పట్లాగే ఉంది కదా?"

"చప్పుడు విని రోగం చెప్పేదానివైతే నేనెందుకే, నువ్వే బాగుచేసుకో!" అని నవ్వేశాడు.

పరాయి ఇల్లయితే మరికాసేపు కూర్చునేవాడు. వేడికీ చల్లదనానికీ గ్యాసు దారి మళ్ళించే వాల్వు ఒకటుంటుంది. అది మధ్యలో ఇరుక్కున్నా ప్రెషర్లు అచ్చం ఇలాగే ఉంటాయి. దాని గొట్టాల్లో ఏది ఎంత వేడిగా ఉందో చేత్తో పట్టుకు చూస్తే సంగతి బయటపడేది. అతనికి తెలియదా? భేషుగ్గా తెలుసు. సొంత అక్క దగ్గర ఇంత తతంగమెందుకు అనుకున్నాడు. ఏం పోయేకాలమో!

చలికి అక్క కీళ్ళు బిగుసుకుపోయాయి. కొత్త మిషను సంగతి తేలేలోపే కూతురు వచ్చి తనింటికి తీసుకుపోయింది. నాలుగు రోజులుండి వద్దామని వెళ్ళిన మనిషిని, ఒక్కదానివే ఎందుకమ్మా అంటూ కూతురూ అల్లుడూ ఇక కదలనివ్వలేదు. చివరికి ఇల్లు అమ్మేశారు.

కొన్నవాళ్ళు పాత మిషను తీసెయ్యమన్నారు. విప్పడానికి అతనే వెళ్ళాడు. విప్పేముందు గ్యాసంతా బయటి పెట్టెలోకి లాగించాలి. చచ్చిన కంప్రెసర్ ఏం లాగుతుందిలే అనుకుంటూనే మిషన్ని చల్లగాలి మీద పెట్టి, గ్యాసు వెళ్ళే దారి మూశాడు. గేజు ముల్లు సర్రున దిగి, సున్నా దగ్గర నిలబడిపోయింది. మిషను ఆపినా పైకి లేవలేదు. గ్యాసంతా లాగేసిందన్నమాట, కంప్రెసర్ గుండ్రాయిలా ఉంది. వేడిగాలి వైపు తిరగకుండా ఇరుక్కున్నది ఆ దారి మళ్ళించే వాల్వే.

మూసిన దారి తెరిచి, వేడిగాలి మీద పెట్టి, ఆ వాల్వును స్క్రూడ్రైవర్ పిడితో నాలుగు దెబ్బలు కొట్టాడు. లోపల టక్కుమంది. కాసేపటికి అక్క పడుకునే గదిలోకి వేడిగాలి వచ్చింది. గదిలో మంచం లేదు, మనిషి లేదు. అయ్యో, ఎంత పని చేశానురా అనుకుంటూ నేల మీద చతికిలబడ్డాడు. ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

"అక్కా, కంప్రెసర్ పోలేదే. నేనే సరిగ్గా చూడలేదు. చిన్న వాల్వు ఇరుక్కుంది, అంతే. ఇప్పుడు నీ గది వెచ్చగా ఉంది. నన్ను తిట్టవే."

అవతల కూతురింట్లో టీవీ మోగుతోంది. అక్క దాని సౌండు తగ్గించింది.

"తిట్టడానికేముందిరా. మిషను పోయింది కాబట్టి వచ్చేశాను అని ఇన్నాళ్ళూ మనసుకి సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఏమని చెప్పుకోను? ఆ మాట నీ కడుపులోనే పెట్టుకోకపోయావా!"