డబ్బాల చింతగింజలు

ఇయ్యాల దుకాణంల చింతపండు గింజలు తీస్తుంటే నా తుంటి సుర్రుమన్నదే! గుర్తుందా దోస్తులూ మీకు, చిన్నప్పుడు ఇరవై ఒక్క రోజులకోసారి నాకు పెన్సిలిన్ సూది? మందు కండలనే ఉండి మూడు వారాలు మెల్లగ పనిచేస్తదంట. ఆలస్యమైతే కీళ్ల జ్వరం మళ్లొచ్చి గుండె ఇంకా ఖరాబైతదని నర్సమ్మ చెప్పింది. చదువు రాని మా అమ్మ రోజుకో చింతగింజ డబ్బాలేసి లెక్కపెట్టేది.

ఓసారి సూది రోజు పొద్దున నాలుగు గింజలు దొంగిలించి పిడికిట్ల దాచిన. అమ్మ నన్ను దవాఖానకు బయల్దేరదీసింది.

"డబ్బాల పదిహేడే ఉన్నయ్ గదమ్మా!"

"అవ్. నీ సంగతి తెలిసే చిన్నమ్మ ఇంట్ల ఇంకో డబ్బా పెట్టిన. అండ్ల ఇరవై ఒకటున్నయ్. నడువే దొంగా!"

దవాఖానాల సూది దిగేటప్పుడు గట్టిగ పిసుక్కోనీకి ఆ నాలుగు గింజలే పనికొచ్చినయ్.