డబ్బా పిండి, ప్యాకెట్ పిండి

జొన్నరొట్టెలమ్మే సునంద నోటి ముందర ఎవరూ నిలవరని బుగ్గమ్మ ఇబ్రహీంపట్నం బస్ డిపో దగ్గర కళ్లారా చూసింది. "జొన్నరొట్టె గింత మెత్తగుంటదా? మైదా కలిపినవ్" అన్నాడొక కండక్టర్. సునంద పిండి డబ్బా తెచ్చి అతని ముందర దబ్బున పెట్టింది.

"నీ చేత్తోనే తియ్యి. నేను తడ్త. మైదా తేలితే రేపట్నుంచి పొయ్యి ముట్టియ్య."

అందరూ చూస్తుండగా పళ్లెమంత రొట్టె పెంక మీద పొంగింది. కండక్టర్ రెండు తిని, "తప్పయింది అక్కా" అని బస్సెక్కాడు. పక్కన మిరపకాయలమ్మే బుగ్గమ్మకు తానే గెలిచినంత సంబరం.

సునంద రొట్టెల వీడియోలు వేలమంది చూసేవాళ్లు. అవి చూసి పట్నం నుంచి ఒక పిండి కంపెనీ వచ్చింది. ప్యాకెట్లిచ్చి, ఏం మాట్లాడాలో కాగితం మీద రాసిచ్చింది. 'మా ఇంట్లో ఇదే పిండి' అనాలి. ప్యాకెట్ కనబడాలి. ఆ వీడియోకు ఫోన్ పట్టింది బుగ్గమ్మే.

ఎంత వేడినీళ్లు పోసినా ఆ పిండికి జిగురు రాలేదు. తట్టిన మూడు రొట్టెలూ పగిలాయి.

"పాత పిండి పెద్దమ్మా. గిదెట్ల జూపియ్యాలె?"

"నీ డబ్బాల పిండి తియ్యి. పక్కన ప్యాకెట్ పెట్టు. ఎవలకెరుక?"

అన్నది బుగ్గమ్మ. చేసింది సునంద.

నెల తిరగకముందే యాచారం నుంచి నాగులమ్మ అనే ముసలామె సగం ప్యాకెట్ పట్టుకుని బస్సు దిగింది. తిట్టడానికొచ్చిందని బుగ్గమ్మ కొంగు బిగించింది. తిట్టినా బాగుండేది.

"నువ్వు జెప్పినవని కొన్న బిడ్డా. వియ్యపురాలి ముందట ఒక్క రొట్టె నిలవలే. చిన్నప్పటి సంది చేస్తున్న, ఇప్పుడు చేతులే పడిపోయినయేమో. నీ వీడియో పదిసార్లు జూసిన. నేనేడ తప్పు చేస్తున్ననో జర చెప్పు."

కండక్టర్ నోరు మూయించిన మనిషి ముసలామె చేతులు పట్టుకుని చూసింది. బుగ్గమ్మ, ఎవరూ కొనకున్నా, మిరపకాయలు తూచసాగింది.

"నీ చేతులు మంచిగనే ఉన్నయి అవ్వా. కూసో." సునంద ఆ ప్యాకెట్ పళ్లెంలోకి వంపి, ఫోన్ తీసింది.

"పిచ్చిదానా, అందరికీ జూపిస్తవా? రేపు నీ రొట్టె ఎవరన్న ముడ్తరా?" అని బుగ్గమ్మ గొణిగింది.

సునంద తలెత్తకుండా ఫోన్ ఆమె చేతిలో పెట్టింది.

"అప్పుడు నువ్వే పట్టినవ్ పెద్దమ్మా, ఇప్పుడు గూడ నువ్వే పట్టు. రొట్టె పగిలేదాక దించకు. పగిలినంక నా తప్పు నేను జెప్త. అటెన్క ఫోన్ నీ మొకం దిక్కు తిప్పుకొని, నీది నువ్వు జెప్పు."