బొంత, నల్లులు, నిర్మూలన

మధురానగర్‌లో మా హాస్టల్‌కు నల్లులు పట్టాయి. హాస్టల్ నడిపే గుంటూరు ఆంటీ నన్ను పిలిచి నోటీసు రాయమంది. సోమాజిగూడలో ఒక పత్రికకు ప్రూఫులు దిద్దుతాను కాబట్టి అక్కడి రాతకోతలన్నీ నా నెత్తినే పడేవి. "నల్లుల నివారణ" అని రాశాను. ఆవిడకు నచ్చలేదు.

"నివారణ అంటే ఇవాళ తగ్గి రేపు మళ్లీ రావడమేగా అమ్మా. నిర్మూలన అని రాయి" అంది.

రాశాను. వేరు కూడా మిగలకుండా తీసేయడం నిర్మూలన. పేదరిక నిర్మూలన, అవినీతి నిర్మూలన అంటూ నేను రోజూ దిద్దే మాటే. ఫలానాది నిర్మూలన అయిపోయిందన్న వార్త దిద్దడం మాత్రం బహు అరుదు. కింద ఆంటీ ఇంకో వాక్యం చేర్పించింది: పాత పరుపులు, బొంతలు ఆదివారానికల్లా బయట పారేయాలి.

అమీర్‌పేటలో కోచింగ్‌కు వెళ్లే కామారెడ్డి పిల్ల ఒకతి నా గదిలో ఉండేది. వాళ్లమ్మ పాత చీరలతో కుట్టిన బొంత కప్పుకుంటే గానీ ఆమెకు నిద్ర పట్టదు. ఆ తల్లి బీడీలు చుట్టి కూతుర్ని చదివించింది, కిందటేడు పోయింది. బొంత నిండా తంబాకు వాసన. మొదట్లో నాకు తుమ్ములొచ్చేవి, తర్వాత అలవాటైపోయింది.

నోటీసు చదివి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నిర్మూలన అంటే నా బొంత సుత పోవాల్నా?"

నాకు ఒళ్లు మండింది. తగువు పెట్టుకుందామనే కిందికి దిగాను. తీరా సంగతి విన్నాక ఆంటీ పొయ్యి వెలిగించింది. మా అందరికీ అన్నం వండే పెద్ద డేగిసాలో నీళ్లు మరిగించింది.

"పారేయడం ఎందుకమ్మా, ఇటివ్వు, ఉడకేద్దాం" అంది.

తెడ్డుతో తనే తిప్పింది. డేగిసాను చింతపండేసి ఎంత తోమించినా ఆ పూట అన్నం మాకెవరికీ సయించలేదనుకోండి. అయినా హాస్టళ్లు నడిపేవాళ్లలో అంత మంచి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు సాయంత్రం డాబా మీద ఆరిన బొంతను ఆ పిల్ల మొహానికి హత్తుకుంది. చాలాసేపు తీయలేదు. ఒక్క నల్లి ఉంటే ఒట్టని ఆంటీ మురిసిపోయింది.

"అమ్మ వాసన సుత పోయింది అక్కా" అంది ఆ పిల్ల, మెల్లగా.

ఆంటీ మొహం చిన్నబోయింది. నాకు ఏడుపొచ్చింది.

నెల తిరగకుండానే నల్లులు మళ్లీ వచ్చాయి. వాసన రాలేదు.